మేడియు, గాల్ఫు కర్రయు

వాది: బావగారూ, తండ్రి కుమారునకు ఈయదగినవానిలో ఇల్లు, పొలము, చదువు అను మూడింటినే లోకము లెక్కించుచున్నది. నాల్గవదియగు నడవడిని ఏ దస్తావేజుమీదను వ్రాసి రిజిస్టరు చేయింప వీలుపడదు. ఉపదేశించిన చెవికెక్కదు, ఉపదేశింపకున్న తానై రాదు. గాల్ఫు అను ఆట ఈ చిక్కునకు ఒక విరుగుడని నా యనుభవము. అందు ఆటగాని వెంట న్యాయనిర్ణేత నడువడు. ఎవ్వరును చూడని గడ్డిలో బంతి గోరంత కదలినను, కదలించినవాడే తనపై నొక దెబ్బ వేసికొని చీటిమీద వ్రాసికొనవలయును. 1925లో యు.ఎస్. ఓపెన్ పోటీయందు బాబీ జోన్స్ తన బంతి కదలినదని తానే చెప్పి, సాక్షి యొక్కడును లేకున్నను, ఒక దెబ్బ నెత్తిన వేసికొనెను. పోటీ సమముగా ముగిసి, అదనపు ఆటలో నాతడు ఓడిపోయెను. ఆ నిజాయితీని మెచ్చుకొన్నవారితో, బ్యాంకును దోచుకొననందుకు కూడ మనిషిని మెచ్చుకొందురా యను భావము వచ్చునట్లు పలికెనట. ఇట్టి ధర్మమును గూర్చి పదిదినములు ప్రసంగించుటకంటె, తండ్రి వంగి, బంతివంక చూచి, "నాకొక దెబ్బ" యని యనుటను కుమారు డొక్కమారు వినుట మేలుగాదా?

ప్రతివాది: వినుటకు సొంపుగనే యున్నది. కాని మా నాయన నాచేత గాల్ఫు కర్ర పట్టింపలేదు, మేడి పట్టించినాడు. నాకప్పుడు పదేండ్లు. తొలకరి పదునులో ఎద్దులను కట్టి, మేడిమీద నా చేతులుంచి, వానిపై తన చేతులుంచి, "అదమబాకురా, లాగేది ఎద్దులు; నువ్వు తోవ చూపిస్తే చాలు" అని చెప్పినాడు. కర్రును చూడవలదనియు, ఎదుటి గట్టుమీది తాటిచెట్టును చూడుమనియు చెప్పినాడు. కర్రును చూచినవాని సాలు పాములాగున మెలికలు తిరుగును. తాటిచెట్టును చూచినవానిది తాడు పట్టినట్లు వచ్చును. మీరు గాల్ఫునకు ఆరోపించుచున్న దృష్టి, నిగ్రహము, ఓర్పు, బలప్రదర్శన మానుకొనుట, ఇవన్నియు నా యొక్క సాలులో నిమిడియున్నవి. పైగా నా సాలు తప్పిన నడుమ నేల బీడుగా మిగులును, అచ్చట గింజ మొలవదు, పైరెదిగిన తరువాత ఊరెల్ల దారిన పోవుచు చూచి ఇది ఫలానావాని కొడుకు దున్నినదని నవ్వుదురు. మీ బంతి దారితప్పిన నేమగును? చెట్లలో పడును, కుర్రవాడొకడు పోయి వెదకి తెచ్చును. తప్పునకు ఫలము లేనిచోట పాఠము నిలుచునా?

వాది: నిలుచును. తప్పునకు ఫలము ఆకలి కాకుండుటయే ఆటకుగల మహిమ. మీ నాయనగారి చేతిలో ముల్లుగర్ర యుండలేదా?

ప్రతివాది: ఉండెను. అది ఎద్దులకు మాత్రమే పరిమితము కాలేదనియు ఒప్పుకొందును.

వాది: అదియే నేననునది. పంట మునుగునను భయము తండ్రి చేతిలో ముల్లుగర్రయై కుమారుని వీపుమీద వాలును. వాడు సాలు తిన్నగా తీయుట నేర్చును, తండ్రి కన్నులలోనికి చూచుట మరచును. ఆటలో నోడినవానికి ఆ రాత్రి అన్నము తప్పదు. తప్పుచేయుటకు చోటు, తప్పును నవ్వుచు చూచుటకు తండ్రికి తీరిక, రెండును అక్కడ దొరకును. మరియొక విశేషము కలదు. కుస్తీలో గాని, పరుగులో గాని, అరువదియేండ్ల తండ్రి పదునారేండ్ల కొడుకుతో సరిజోడు కాజాలడు. ఒకనాటివరకు తండ్రియే గెలుచును, ఆ మరునాటినుండి కొడుకే గెలుచును, నడుమ నిజమైన పోటీ యుండదు. గాల్ఫులో హ్యాండిక్యాప్ అను నొక లెక్క కలదు. ఎవని శక్తి యెంతయో ముందే కట్టి, బలహీనునకు అన్ని దెబ్బలు మినహాయించి, ఇద్దరిని ఒకే గీతమీద నిలుపుదురు. తరము తరముతో సమానముగా నిలిచి పోరాడుటకు ఇంతటి వెసులుబాటు గల ఆటను నేను మరియొకదాని నెరుగను. ఇక కాలమందురా, పదునెనిమిది గుంతలు ముగియుసరికి నాలుగు గంటలు పట్టును. అందు కర్ర ఊపెడి సమయమంతయు కూడిన ఐదు నిమిషములు కాదు. మిగిలినదంతయు నడకయే. ఎదురెదురుగా కూర్చుండబెట్టి అడిగిన పెదవి విప్పని పిల్లవాడు, ఒకే దిక్కునకు చూచుచు ప్రక్కప్రక్కన నడచునప్పుడు పలుకును.

ప్రతివాది: ఆ నడకను గూర్చి తరువాత అడుగుదును, మరవకుడు. ప్రస్తుతము తండ్రుల తీరికను గూర్చి మాటాడుదము. ఎర్ల్ వుడ్స్ అను సైనికుడు తన కుమారుడు టైగరును రెండేండ్ల ప్రాయమున, 1978లో, టెలివిజన్ ప్రేక్షకులయెదుట నిలిపి బంతి కొట్టించినాడు. వాడు కొంత పెరిగిన పిదప, కర్ర ఎత్తిన క్షణముననే జేబులోని నాణెములను గలగలలాడించియు, సంచిని దబ్బున క్రింద పడవైచియు, మనసు చెదరకుండుటకు శిక్షణ నిచ్చినాడు. చెదరలేదు, 1997లో మాస్టర్స్ పోటీని పన్నెండు దెబ్బల తేడాతో గెలిచెను. అయినను ఆ నాణెముల చప్పుడునకు చెదరని మనస్సు గృహస్థ జీవితమున చెదరుటను 2009లో లోకమంతయు చూచినది. మరుసటి సంవత్సర మాతడు అందరియెదుట క్షమాపణ కోరవలసివచ్చెను. బంతియెదుటి నిగ్రహము బంతి దగ్గరనే నిలిచిపోవుననుటకు ఇంతకంటె దృష్టాంతము కావలయునా? ఆట జీవితమునకు ఉపమానమని మీరందురు. ఉపమానము అలంకారమే గాని ప్రమాణము కాదు.

మీ చీటి ధర్మమును కూడ చూతము. 1968 మాస్టర్స్ పోటీలో రాబర్టో డి విసెంజో పదునేడవ గుంతను మూడు దెబ్బలలో ముగింపగా, ప్రక్కవాడు చీటిమీద నాలుగని వ్రాసెను. ఇతడు చూచికొనక సంతకము చేసెను. లక్షలాది జనము కన్నులార చూచినది మూడు, చీటిమీద నున్నది నాలుగు, నాలుగే నిలిచినది. అదనపు ఆటకు అర్హత పోయినది. ఆ దినమాతని పుట్టినదినము కూడ. నిజముకంటె సంతకమునకు విలువ యెక్కువయను పాఠమును మన తాలూకా కచ్చేరీలలో పైకము పెట్టకయే నేర్చుకొనవచ్చును గదా!

వాది: కచ్చేరీ పోలిక గట్టిగనే తగిలినది. డి విసెంజో కథ నన్నును బాధించును. కాని ఆతడు వ్రాసినవానిని నిందింపక తన తెలివితక్కువతనమునే నిందించుకొనెను, ఆ మాట మరువవలదు. ఎర్ల్ వుడ్స్ విషయమున మీతో వాదింపను. కుమారుని తన కీర్తికి కర్రగా వాడుకొన్న తండ్రులు ప్రతి ఆటలోను, ప్రతి పరీక్షా ఫలితముల దినమునను కనబడుదురు. ర్యాంకులు ప్రకటించు పత్రికాపుటలను తిరుగవేయుడు. అయినను ఒక చిత్రమును మీరు విడిచితిరి. 1997లో పదునెనిమిదవ గుంత వెనుక తండ్రి కౌగిలించుకొన్న ఆ స్థలముననే, 2019లో, నలువది మూడేండ్ల వయసున, వెన్నెముకకు పలు శస్త్రచికిత్సలైన పిమ్మట మరల గెలిచి వచ్చుచు, ఆ టైగర్ తన కుమారుని కౌగిలించుకొనెను. తండ్రి అప్పటికి మరణించి పదమూడవ యేడు జరుగుచున్నది. ఏమి సంక్రమించినదో ఏమి సంక్రమింపలేదో లెక్కకట్టువాడను కాను, ఏదో సంక్రమించినది.

నేను చెప్పదలచిన తండ్రి వేరు. పెన్సిల్వేనియాలో లాట్రోబ్ అను పట్టణమున గాల్ఫు మైదానమునకు కాపరియై, పోలియో సోకిన కాలితో పచ్చిక కత్తిరించుచుండిన డీకన్ పామర్. మూడేండ్ల కొడుకు ఆర్నాల్డు చేతులను కర్రకు చుట్టి, ఈ పట్టు మార్చవలదని చెప్పినవాడు. మీ నాయనగారు మేడిమీద చేతులుంచినట్లే గదా! ఆ కుమారుడు చిన్నవాడై యుండగా నొక పోటీలో కోపమువచ్చి కర్రను చెట్లమీదుగా విసరివైచెను. తుదకు ఆటను గెలిచెను. ఇంటికి పోవునప్పుడు కారులో ఒక్క అభినందనయు లేదు. ఇంకొకమారు కర్ర విసరుట కన్నులబడినచో నీ ఆట అంతటితో సరియని తండ్రి చెప్పెనట. గెలుపునాడు తిట్టినవాడు, బావగారూ! ఓటమినాడు తిట్టువారు వీధి కిద్దరుందురు.

ప్రతివాది: మంచి తండ్రి. అందుకే ఆతని కథను సగములో విడువనీయను. ఆ డీకన్ పామర్ కుమారుడు తండ్రి కత్తిరించిన పచ్చికమీద సభ్యుల పిల్లలతో కలసి ఆడరాదు. ఈత కొలనున దిగరాదు. సభ్యులు రాకముందు తెల్లవారుజామునను, వారు పోయిన తరువాత చీకటిపడునప్పుడును ఆడుకొనెడివాడు. పెద్దవాడై 1971లో ఆ క్లబ్బునే కొనివైచెను. కలకత్తాలోను నిట్టి కథయే. 1829లో ఆంగ్లేయులు స్థాపించిన రాయల్ కలకత్తా గాల్ఫ్ క్లబ్బులో పచ్చిక సంరక్షించు ఉద్యోగి కుమారుడు చౌరాసియా, గురువు లేకయే, చూచి చూచి నేర్చి, 2016లోను 2017లోను వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఈ యిద్దరు తండ్రులు కుమారులకు నేర్పినది గాల్ఫు ధర్మమా, లేక కంచెకు ఆవలినుండి చూచువాని పట్టుదలయా? కంచెకు ఈవలనుండు పిల్లవానికి ఆ పాఠము దొరకునా?

మీ గోల్కొండ మైదానమునకు నేను ఒకమారు మీ వెంట వచ్చితిని, జ్ఞప్తి యున్నదా? కోటగోడలనడుమ, ఆ ఏనుగంతటి మొదలుగల ముసలి చెట్టును చూడవచ్చితిని. అప్పుడు జరిగినదానిని మీరే చెప్పుడు.

వాది: చెప్పుదును, దాచవలసినది కాదు. నా బంతి ఒక గుంటలో, గడ్డి మొదట దిగబడినది. సంచి మోయు క్యాడీ కుర్రవాడు ముందుగా చేరి, కాలి బొటనవ్రేలితో దానిని మెల్లగా మెరకమీదికి జరిపినాడు. మావాడు చూచినాడు, నేనును చూచితిని. బంతిని మరల గుంటలోనే పెట్టించి, ఆ కుర్రవానిని మందలించితిని. ఉన్నచోటనుండియే కొట్టవలయునని అబ్బాయికి చెప్పితిని. రెండు దెబ్బలు నష్టమైనను ఆ దినమున నాకు కలిగిన తృప్తి వేరొకనాడు కలుగలేదు.

ప్రతివాది: మీ తృప్తిని కాదనను. నేను చూచినది వేరు. ఆ కుర్రవానికి మీ అబ్బాయి వయసే యుండును. దొరగారి ముఖము వికసించిన పది రూపాయలు ఎక్కువ రాలును. ముడుచుకొన్న అవియు రాలవు. వాడు బంతిని జరపినది దొంగబుద్ధితో కాదు, నౌకరీలో భాగముగా. వానికి ముందు వచ్చిన క్యాడీలు నేర్పిన విద్య యది. మీరు మీ కొడుకునకు సత్యమును నేర్పుటకు వాని తలవంపును నల్లబల్లగా వాడుకొంటిరి. తిరిగి వచ్చునప్పుడు వాడు సంచిని మీ కారులో పెట్టి, మీరిచ్చినది తీసికొని, లెక్కపెట్టక జేబులో వేసికొనెను. లెక్కపెట్టకపోవుట నేను గమనించితిని.

వాది: నేను గమనింపలేదు. ఇరువదియేండ్లయినది, ఇప్పుడు మీరు చెప్పగా... సరే, ఆ దెబ్బ నా చీటిమీద వ్రాసికొందును.

కాని బావగారూ, ఒక్క ప్రశ్న. మీరు మీ నాయనగారు ఓడుటను చూచితిరా? కుమారుని చేతిలో ఓటమిని కోరుకొనవలయునని మన పెద్దలు చెప్పిన మాటను శ్రాద్ధ భోజనములలో వినుచుందుము గాని, ఆ ఓటమి సంభవించుటకు తగిన రంగమేది? స్కాట్లండులో సెంట్ ఆండ్రూస్‌కు చెందిన ముసలి టామ్ మోరిస్ 1867లో నలువది యారేండ్ల వయసున ఓపెన్ పోటీ గెలిచెను. అంతటి పెద్దవయసున గెలిచినవాడు నేటికిని మరియొకడు లేడు. ఆ మరుసటి యేడు గెలిచినవాడాతని కుమారుడు టామీ, పదునేడేండ్లవాడు. అంత చిన్నవయసున గెలిచినవాడును మరియొకడు లేడు. ఆ కుమారుడు గెలిచిన పోటీలలో నొకదానియందు రెండవ స్థానమున నిలిచినవాడు తండ్రియే. తాను దువ్వి, విత్తి, కత్తిరించిన పచ్చికమీద కన్నకొడుకు చేతిలో ఓడి, టోపీ తీసి చేయి కలుపుటకంటె పెద్ద పాఠమును ఏ తండ్రి యేమి చెప్పి నేర్పగలడు? పొలములో నిట్టిది కలదా?

ప్రతివాది: పొలములో తండ్రి కొడుకు చేతిలో ఓడడు, నిజమే. ఓడుటను చూచితిరా యని అడిగితిరి. చూచితిని. వరుసగా రెండేండ్లు వాన మొగము చాటుచేసినప్పుడు అప్పు తీర్చలేక మా నాయన ఎద్దుల జతను సంతకు తోలుకొనిపోయినాడు. ప్రొద్దుగూకిన తరువాత ఒంటరిగా వచ్చినాడు. అమ్మినవాడు పలుపు ఇయ్యడు గదా, ఆ రెండు పలుపులు భుజముమీద వ్రేలాడుచుండెను. కొట్టములో వానిని మేకునకు తగిలించి, కాళ్లు కడిగికొని, అన్నము పెట్టుమన్నాడు. ఆ పలుపులు ఆ మేకునకు ఎన్నేండ్లున్నవో నాకు తెలియును. బావగారూ, నాకు పాఠము నేర్పవలెనని ఆయన ఓడలేదు.

వాది: ...దీనికి నావద్ద సమాధానము లేదు. దీనికి సరితూగు దినము నా మైదానమున లేదు.

ప్రతివాది: న్యాయమునకు నేనును ఒకటి ఒప్పుకొనవలయును. ఆ రాత్రి నాయన ప్రక్కన కూర్చుండి ఒక్క మాటయైనను అడుగు చనువు నాకు లేకపోయినది. ఆయన చనిపోవువరకును ఎద్దుల ప్రసక్తి మా యిద్దరి నడుమ రాలేదు. నాలుగు గంటలు ప్రక్కప్రక్కన నడచిన యెడల వచ్చియుండునేమో. అందుచేతనే మీ నడకను గూర్చి అడుగుదునంటిని. అసూయతోనే అడుగుచున్నాను.

వాది: అడుగకుండినచో బాగుండెడిది. నిరుడు మావానికి ఉద్యోగము పోయినది, మీరెరుగుదురు. పోయిన తరువాత ఆరు నెలలపాటు ప్రతి ఆదివారమును మేమిద్దరము గోల్కొండలో నడచితిమి. ఇరువది యైదు ఆదివారములు. ఇంచుమించు నూరు గంటలు. గాలి దిక్కును గూర్చియు, గ్రీనుమీద పచ్చిక మందమును గూర్చియు, వాని ఎడమ మోచేయి వంగుటను గూర్చియు మాటాడుకొంటిమి. ఉద్యోగము మాట వాడు చెప్పలేదు. ఏడవ నెలలో కోడలు చెప్పగా తెలిసినది. వానిని అడుగగా, "బంతి ఎక్కడ పడితే అక్కడనుంచే కొట్టాలని మీరే కదా చెప్పారు, నాన్నా" అన్నాడు.

ప్రతివాది: అమ్మాయి నాకు ఆ వారముననే చెప్పినది.

వాది: ఆ వారముననే?

ప్రతివాది: మూడవనాడు. అల్లుడే మాటాడినాడు కూడ. మీకు చెప్పవలదని మాట తీసికొన్నాడు. పది నిమిషములు ఏడ్చినాడు. నేను ఇన్నాళ్లు దాచితిని. తప్పో ఒప్పో నాకు తెలియదు.

వాది: నాయెదుట వాడు తన పదియవ యేటి తరువాత కంటతడి పెట్టలేదు. దానినే నేను నిగ్రహమని మురిసితిని... కాని, ఆగుడు; నన్ను చప్పున ఓడిపోనీయకుడు. ఆ ఆరు నెలలు వాడు ఇల్లు గడిపినాడు, ఎవ్వరిని నిందింపలేదు, చిన్న జీతమునకైనను కొత్త కొలువు వెదకికొన్నాడు, ఆదివారము తప్పక నావద్దకు వచ్చినాడు. ఎందుకు వచ్చెడివాడు? ఆ నాలుగు గంటలు వానికి ఉద్యోగము పోయినవాడుగా కాక కొడుకుగా నుండుటకు వచ్చెనేమో. చెప్పుటకు ఒక చోటు కావలసినట్లే, చెప్పనక్కరలేని చోటును మనిషికి కావలయును. మీరు మొదటిదైతిరి; నేను, నా మైదానము, రెండవదైతిమి.

ప్రతివాది: అట్లనుకొనుటకు వీలున్నది. కాని ఆ ముసలి టామ్ మోరిస్ కథలో మీరు చెప్పక విడిచినది నన్ను విడువకున్నది. 1875 సెప్టెంబరులో నార్త్ బెరిక్ అనుచోట తండ్రికొడుకులిద్దరు జతగా పార్క్ సోదరులతో ఆడుచుండగా, రెండు గుంతలు మిగిలియున్న సమయమున ఇంటినుండి తంతి వచ్చెను. కుమారుని భార్య ప్రసవవేదనలో ప్రమాదస్థితియందున్నది. ఆ రెండు గుంతలను ముగించి, గెలిచి, పడవనెక్కి సముద్రశాఖ దాటి పోవుసరికి తల్లియు బిడ్డయు మరణించిరి. ఆ రెండు గుంతలు ఆడకున్న బ్రతికెడివారని నేననను. పడవ వేగము పడవదే, మృత్యువు వేగము మృత్యువుదే. అయినను తంతి వచ్చిన తరువాత ఆట ముగించుటను ఆ యింట ఎవ్వరు ఎవ్వరికి నేర్పిరి?

వాది: ఆ రెండు గుంతలను గూర్చి నేను పలుమారులు తలపోసితిని. ముగింపక విడిచిన, కర్ర క్రింద పడవైచి పరుగెత్తిన, ఆ పేరు మనకు తెలిసియుండెడిది కాదేమో. ఆట నేర్పినది ముగించుమనియే. అది బలమో, గ్రుడ్డితనమో, అప్పు డక్కడనున్న తండ్రికే తెలియవలయును.

ప్రతివాది: కొడుకు?

వాది: ఆ క్రిస్మస్ దినముననే పోయెను, ఇరువది నాలుగేండ్లు. సెంట్ ఆండ్రూస్ శ్మశానములోని ఆతని స్మారకమునకు 60 గాల్ఫు సంఘములు చందాలిచ్చినవి. తండ్రి మరి ముప్పది రెండేండ్లు బ్రతికి 1908లో మరణించెను. అందు 1903 వరకు ఆ మైదానమునకు కాపరి తానే. ఆదివారమున ఆటను సాగనీయలేదు. ఆటగాండ్రకు విశ్రాంతి అక్కరలేకున్నను గడ్డికి కావలయుననెడివాడట. నేటికిని ఆ ప్రాతమైదానము సాధారణముగా ఆదివారము మూసియుండును. ఊరివారు పిల్లలతో దానిమీద ఊరక నడచుదురు.

ప్రతివాది: మన గోల్కొండలో?

వాది: ఆదివారము తెరచియుండును. ఈ వారము మావాడు మనుమని మొదటిసారి వెంటగొని పోవుచున్నాడట, ఆరున్నరకు బయలుదేరుదురు. నన్నింకను పిలువలేదు.